మీ ఆటకు తగిన డిఫెన్స్ ఏది? నల్లపావులతో ఆడేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

వారాంతాల్లో పిల్లలకూ, ఉద్యోగం చేసుకుంటూ ఆలస్యంగా ఆటలోకి వచ్చిన పెద్దలకూ చదరంగం చెబుతుంటాను. నల్లపావుల విషయంలో ఏటా ఎదురయ్యే సందేహాలు దాదాపు ఇవే కనుక వాటిని ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. గడుల పేర్లను ఎ నుండి హెచ్ వరకు అక్షరంతోనూ, 1 నుండి 8 వరకు అంకెతోనూ రాశాను. పావు పేరు లేకుండా గడి పేరు ఒక్కటే ఉంటే బంటును ఆ గడికి తోయడమని అర్థం. మంత్రి, ఏనుగు, గుర్రం, బంటు అన్న మాటలతో పేచీ లేదు. బిషప్‌ను మాత్రం ఒక ఊళ్లో శకటు అంటారు, మరొక ఊళ్లో ఒంటె అంటారు. అందుకే దాన్ని బిషప్ అనే రాశాను.

## ఎంచుకోవడానికి ముందు

ఆట మొదలుపెట్టి ఆరు నెలలే అయింది. నాకు ఇప్పుడే ఒక డిఫెన్స్ కావాలా?

డిఫెన్స్ అంటే తెల్లవైపు తొలి ఎత్తులకు నల్లవైపు ఇచ్చే జవాబుల వరస. పేరున్న డిఫెన్స్ ఇప్పుడే అవసరం లేదు. తెల్లవైపు ఇ4 ఆడితే ఇ5, డి4 ఆడితే డి5 ఆడండి. గుర్రాలనూ బిషప్‌లనూ బయటికి తెచ్చి, పదో ఎత్తులోపు క్యాస్లింగ్ (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో కదిపి రాజును పక్కకు చేర్చడం) చేయండి. ఈ దశలో నల్లవైపు ఓడిపోయే ఆటల్లో ఎక్కువ భాగం ఎఫ్7 గడి దగ్గరే ముగుస్తాయి, ఎందుకంటే ఆట మొదట్లో ఆ బంటుకు రాజు తప్ప మరో కాపలా ఉండదు. ఉదాహరణకు ఇ4 ఇ5 తరువాత తెల్లవైపు బిషప్‌ను సి4కు తెస్తుంది, మీరు గుర్రాన్ని సి6కు తెస్తారు, వెంటనే తెల్లమంత్రి హెచ్5కు వస్తుంది. అప్పుడు మంత్రిని బెదిరిద్దామని గుర్రాన్ని ఎఫ్6కు దూకిస్తే మంత్రి ఎఫ్7 బంటును తీసుకుంటుంది, ఆటకట్టు. జి6 ఆడితే మంత్రి వెనక్కు తగ్గాలి. అది ఎఫ్3కు వెళ్లి మళ్లీ ఎఫ్7 వైపు చూస్తే, గుర్రాన్ని ఎఫ్6కు తేవడానికి అదే సమయం. ఇటువంటివి నాలుగైదు తెలిస్తే మొదటి ఏడాదికి చాలు.

"నా శైలి" ఏమిటో నాకెలా తెలుస్తుంది?

అందరూ తడబడేది ఇక్కడే, ఎందుకంటే మన శైలి ఏమిటని అడిగితే మనం ఆడే తీరు కాక, ఆడాలని కోరుకునే తీరు చెబుతాం. నా దగ్గరకు వచ్చిన ఒక ఇంటర్ విద్యార్థి తాను దాడిచేసే ఆటగాడినని, సిసిలియన్‌లో (ఇ4కు సి5 జవాబులో) డ్రాగన్ అనే పదునైన దారి తప్ప మరేదీ వద్దని పట్టుబట్టాడు. అతని స్కోరుషీట్లు (ఆటలోని ఎత్తులు రాసుకునే కాగితాలు) ముప్ఫై వరకు బల్లమీద పరిచి చూశాం. అతను గెలిచిన ఆటల్లో అధికభాగం మంత్రులు మారిపోయాక, ఏనుగులూ బంట్లూ మిగిలిన ముగింపుల్లో ఓపికగా గెలిచినవి. ఇద్దరు రాజులూ చెరోవైపు క్యాస్లింగ్ చేసి ఒకరిమీద ఒకరు బంట్లు తోసుకున్న ఆటల్లో మాత్రం అతను దాదాపు ప్రతిసారీ ఒక ఎత్తు వెనకబడి ఓడాడు. డ్రాగన్ అతన్ని సరిగ్గా అటువంటి ఆటలలోకే తీసుకుపోతుంది. నెమ్మదైన కారో-కాన్ (ఇ4కు సి6 జవాబు) చూపిస్తే మొదట మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ, రెండు టోర్నమెంట్లయ్యాక దాన్ని వదలలేదు.

మీరూ అదే చేయండి. నల్లపావులతో ఆడిన చివరి ఇరవై, ముప్ఫై ఆటలు తీసుకుని, ఇంజిన్ (ఎత్తులను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) తెరవకుండా మూడు సంగతులు రాసుకోండి: ఎక్కువ సమయం ఆలోచించిన ఎత్తు ఏది, ఆట చేజారిన ఎత్తు ఏది, ఆ సమయానికి మధ్యలోని బంట్లు ఎదురెదురుగా ఇరుక్కుని ఉన్నాయా లేక మారిపోయి దారులు తెరుచుకున్నాయా. ఇరుకు స్థితిలో మీకు ఊపిరాడటం లేదా, లేక తెరిచిన బోర్డు మీద ఎదుటివారి ఎత్తుగడలు మీకు కనబడటం లేదా అన్నది ఆ కాగితమే చెబుతుంది. డిఫెన్స్‌ను ఎంచుకోవడమంటే నా దృష్టిలో పదిహేనో ఎత్తు దగ్గర మీరు ఎటువంటి బంట్ల అమరికలో కూర్చోదలచుకున్నారో ఎంచుకోవడమే.

నాకిష్టమైన గ్రాండ్‌మాస్టర్ ఆడే డిఫెన్స్‌నే నేనూ ఆడవచ్చా?

ఆడవచ్చు, కాని ఆయన దాన్ని ఎందుకు ఆడుతున్నారో తెలుసుకుని ఆడండి. ఆ స్థాయిలో డిఫెన్స్‌ను తమ శైలి చూసుకుని ఎంత ఎంచుకుంటారో, ఎదుటివారి శైలి చూసి అంతకంటె ఎక్కువగా ఎంచుకుంటారు. 2000లో లండన్‌లో జరిగిన ప్రపంచ టైటిల్ పోరులో క్రామ్నిక్ బెర్లిన్ డిఫెన్స్ పట్టుకున్నది, ఎనిమిదో ఎత్తుకే మంత్రులు మారిపోతే కాస్పరోవ్ దాడికి ఆయుధమే ఉండదన్న లెక్కతో. ఆ పోరులోని పదిహేను ఆటల్లో కాస్పరోవ్ ఒక్కటీ గెలవలేకపోయారు. అదే కాస్పరోవ్ 1995లో న్యూయార్క్‌లో మన ఆనంద్‌తో ఆడుతూ, పదకొండో ఆటలో ఎవరూ ఊహించని విధంగా డ్రాగన్ బయటికి తీసి గెలిచారు. వాళ్ల వెనుక నెలల తరబడి పనిచేసే సహాయకుల బృందం ఉంటుంది. 2024లో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ విజేత అయినప్పుడు ఆ బృందంలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటల హరికృష్ణ కూడా ఉన్నారు. మీకు అటువంటి బృందం లేదు, మీ ఎదుటివారు కాస్పరోవూ కారు. అభిమాన ఆటగాడి నుండి ఎత్తుల వరసకు బదులు, మధ్య ఆటలో ఏ గుర్రాన్ని ఎక్కడ నిలబెట్టారు, ఏ బిషప్‌ను ఎప్పుడు మార్చుకున్నారు అన్నది తీసుకోండి.

## ఇ4 ఆడినవారికి జవాబు

ఫ్రెంచ్, కారో-కాన్ రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి. నాకేది సరిపోతుంది?

రెండింటిలోనూ రెండో ఎత్తులో డి5 ఆడి మధ్యభాగాన్ని సవాలు చేయడమే లక్ష్యం. ఆ డి5కు మద్దతుగా ముందు ఏ బంటును కదుపుతారన్నదే తేడా: ఫ్రెంచ్‌లో ఇ6, కారో-కాన్‌లో సి6. చూడటానికి ఒక్క బంటు తేడాయే అయినా, సి8లో ఉన్న మీ బిషప్ జాతకమంతా దానిమీద ఆధారపడి ఉంటుంది.

ఫ్రెంచ్‌లో ఇ6 బంటు ఆ బిషప్‌కు అడ్డుగోడ అవుతుంది. తెల్లవైపు బంటును ఇ5కు తోసి స్థితిని బిగిస్తే, చాలా ఆటల్లో ఇరవై ఎత్తులైనా ఆ బిషప్ ఇంటి గడప దాటదు. దానికి బదులుగా మీకు దక్కేది స్పష్టమైన లక్ష్యం: సి5 ఆడి, సి6లోని గుర్రంతో, బి6లోని మంత్రితో డి4 బంటు మీద వరసగా ఒత్తిడి పెంచడం, సమయం చూసి ఎఫ్6తో తెల్ల బంట్ల గొలుసును ముందువైపు నుండి కూడా కొట్టడం. ఇరుకులో కూర్చుని ఎదురుదెబ్బ కోసం కాచుకునే ఓర్పు ఉన్నవారికి ఇది నచ్చుతుంది. బోత్విన్నిక్, కోర్చ్‌నోయ్ దీన్ని ఏళ్ల తరబడి ఆడారు. 2024 ప్రపంచ పోరు మొదటి ఆటలోనే డింగ్ లిరెన్ గుకేశ్ మీద నల్లపావులతో గెలిచినదీ ఫ్రెంచ్‌లోనే.

కారో-కాన్‌లో బిషప్‌కు దారి తెరిచే ఉంటుంది. తెల్లవైపు ఇ5 ఆడితే బిషప్‌ను ఎఫ్5కు తెచ్చి, ఆ తరువాత ఇ6తో తలుపు మూసుకోవచ్చు. చెల్లించే మూల్యం ఒక ఎత్తు: డి4ను కొట్టాలంటే సి5 ఆడక తప్పదు, సి6లో ఆగిన బంటు అక్కడికి రెండో అడుగు వేయాలి. అందువల్ల ఎదురుదాడి ఆలస్యమవుతుంది, కోట మాత్రం గట్టిగా ఉంటుంది. కాపబ్లాంకా, పెట్రోస్యాన్, కార్పోవ్ దీన్ని ఇష్టపడ్డారంటే ఆశ్చర్యం లేదు.

నేను పెట్టే పరీక్ష ఒకటి ఉంది. ఇరవై ఎత్తుల దాకా ఒక పావు పనిలేకుండా కూర్చుంటే మీకు చిరాకు పుడుతుందా? పుడితే కారో-కాన్ పట్టుకోండి. ఎదుటివారికి ముందుగా చొరవ ఇచ్చి ఊరుకోవడం కష్టంగా ఉంటే ఫ్రెంచ్ మేలు.

పేర్ల సంగతికి వస్తే, 1834లో మొదలైన లండన్, పారిస్ ఉత్తరాల పోటీలో పారిస్ జట్టు ఇ6 ఆడటం వల్ల ఫ్రెంచ్‌కు ఆ పేరు వచ్చింది. 1886లో విశ్లేషణ ప్రచురించిన హొరేషియో కారో, మార్కస్ కాన్ అన్న ఇద్దరి పేర్లు కలిసి కారో-కాన్ అయింది.

కారో-కాన్ అంటే నిస్సారమైన డ్రా ఆట కదా? పదును ఉండదు కదా?

ఆరో ఎత్తుకే ఆటకట్టయ్యే వల ఈ నిస్సారమైన డిఫెన్స్‌లోనే ఉంది. ఇ4 సి6, డి4 డి5, గుర్రం సి3. నల్లబంటు ఇ4ను కొడుతుంది, తెల్లగుర్రం దాన్ని తిరిగి కొట్టి ఇ4లో నిలబడుతుంది. మీరు నాలుగో ఎత్తులో బి8 గుర్రాన్ని డి7కు తెచ్చారు. తెల్లవైపు మంత్రిని ఇ2కు జరుపుతుంది. తన బిషప్‌కే అడ్డం పెట్టుకున్న తెలివితక్కువ ఎత్తులా కనిపిస్తుంది. మీరు అలవాటుగా జి8 గుర్రాన్ని ఎఫ్6కు తెస్తారు. తెల్లగుర్రం డి6కు దూకుతుంది. ఇ7 బంటుతో దాన్ని తీసేద్దామంటే వీల్లేదు, ఎందుకంటే ఇ2లోని మంత్రి ఆ నిలువు వరుస పొడవునా మీ రాజునే చూస్తోంది. చుట్టూ సొంత పావులే ఉండటంతో రాజుకు ఒక్క గడి కూడా దొరకదు. పిల్లల టోర్నమెంటులో ఒక బాబు ఈ స్థితిలో రెండు నిమిషాలపాటు ఇ7 బంటు మీద వేలు ఆనించబోయి ఆగిపోవడం నేను కళ్లారా చూశాను.

పెద్దలకూ ఇది తప్పలేదు. 1997లో డీప్ బ్లూ కంప్యూటర్‌తో ఆఖరి ఆటలో కాస్పరోవ్ తన ప్రధాన ఆయుధమైన సిసిలియన్‌ను పక్కనపెట్టి కారో-కాన్ ఆడారు. ఏడో ఎత్తులో హెచ్6 ఆడగానే యంత్రం ఇ6 మీద గుర్రాన్ని బలిచ్చింది, పంతొమ్మిది ఎత్తులకు ఆట ముగిసింది. నెమ్మదైన డిఫెన్స్‌లో కూడా ఎత్తుల వరస ముఖ్యమే.

సిసిలియన్ ఆడాలని ఉంది. ఎంత చదవాలి?

చాలానే చదవాలి, కాని మీరు అనుకుంటున్నది కాదు. అందరూ సిసిలియన్‌లో పేరుమోసిన నైడార్ఫ్ దారి మీద పుస్తకం కొనుక్కుని ఆరో ఎత్తు నుండి మొదలుపెడతారు. తీరా జిల్లా స్థాయి టోర్నమెంటుకు వెళితే ఎదుటివారిలో చాలామంది అసలు ఆ దారిలోకే రారు. ఒకరు రెండో ఎత్తులో సి3 ఆడతారు, మరొకరు డి4 ఆడి బంటును బలిస్తారు, ఇంకొకరు బిషప్‌ను బి5కు తెస్తారు, మరొకరు గుర్రాన్ని సి3లో పెట్టి జి3తో నింపాదిగా కూర్చుంటారు. కాబట్టి ముందు వీటికి జవాబులు నేర్చుకుని, ఆ తరువాత పెద్ద దారిలోకి వెళ్లాలి. ఇందులో ఒక వెసులుబాటు కూడా ఉంది: రెండో ఎత్తులో సి3 ఆడినవారికి గుర్రం ఎఫ్6 అని జవాబు నేర్చుకుంటే, బంటును బలిచ్చే స్మిత్-మోరా గాంబిట్‌లో కూడా, తెల్లవైపు సి3 ఆడగానే అదే గుర్రాన్ని ఎఫ్6కు తెచ్చి ఆటను అదే స్థితిలోకి మళ్లించవచ్చు. ఒకే దెబ్బకు రెండు పిట్టలు.

సిసిలియన్ మూలసూత్రం మాత్రం అందమైనది. మీ సి బంటును ఇచ్చి తెల్లవైపు డి బంటును తీసుకుంటారు. మధ్యలో మీకు రెండు బంట్లు మిగులుతాయి, వాళ్లకు ఒకటే. మీ ఏనుగుకు సి వరుస తెరుచుకుంటుంది. అంటే ఆట సాగేకొద్దీ స్థితి మీకు అనుకూలిస్తుంది. ఆ సంగతి తెల్లవైపుకూ తెలుసు కనుక వాళ్లు మొదటి ఇరవై అయిదు ఎత్తుల్లోనే మీ రాజును పట్టుకోవాలని చూస్తారు. ఆ పాతిక ఎత్తులూ చల్లగా లెక్కవేస్తూ గడపగలవారికే ఇది సొమ్ము. రాజు ముందు బంట్లు కదలగానే గుండె దడదడలాడేవారు ఇంకొకటి చూసుకోవడం మంచిది; అందులో చిన్నతనమేమీ లేదు.

ఇ4కు ఇ5 అంటే పాతకాలపు ఆట అంటున్నారు. నిజమేనా?

పాతదే, పాతబడలేదు. ప్రపంచ స్థాయిలో ఇప్పటికీ నల్లవైపు నమ్మే మొదటి జవాబుల్లో ఇదొకటి. దీనిలోని కష్టమల్లా ఆటను ఏ దారికి మళ్లించాలో తెల్లవైపే ఎంచుకోవడం: రూయ్ లోపెజ్, ఇటాలియన్, స్కాచ్, కింగ్స్ గాంబిట్ అన్నింటికీ మీరు కనీసం ఒక్కొక్క జవాబు సిద్ధం చేసుకోవాలి. ముఖ్యంగా ఇటాలియన్‌లో రెండు గుర్రాలూ బయటికి వచ్చాక తెల్లగుర్రం జి5కు దూకితే డి5 ఆడండి, కాని తెల్లబంటు డి5ను కొట్టాక గుర్రంతో దాన్ని తిరిగి కొట్టకండి. సి6 గుర్రాన్ని ఎ5కు తీసుకెళ్లి సి4 బిషప్‌ను తాకండి. ఒక బంటు పోతుంది గాని చొరవ మీ చేతికి వస్తుంది. గుర్రంతో కొడితే తెల్లగుర్రం ఎఫ్7లో పడి, మీ రాజును నడిబోర్డు మీదకు ఈడ్చుకొస్తుంది. అన్ని రకాల స్థితులూ రుచి చూడాలనుకునే వయసులో ఉన్నవారికి ఇంతకన్న మంచి బడి లేదని నా నమ్మకం.

వారానికి రెండు గంటలే తీరిక. తక్కువ చదువుతో గడిచే డిఫెన్స్ ఏది?

స్కాండినేవియన్. ఇ4కు డి5 అనగానే స్థితి మీరు కోరిన దారికి వస్తుంది. బంట్లు మారాక మంత్రితో డి5ను తిరిగి కొడతారు, తెల్లగుర్రం సి3కు వచ్చి తాకితే మంత్రిని ఎ5కు జరుపుతారు. ఆ పైన సి6, బిషప్ ఎఫ్5, గుర్రం ఎఫ్6, ఇ6 అన్న అమరిక దాదాపు ప్రతి ఆటలోనూ కుదురుతుంది. మంత్రి ముందుగా బయటికి రావడం వల్ల ఒక ఎత్తు నష్టపోతారు; ఆ వెనకబాటును భరించగలిగితే చాలు. ఇది లోకువ డిఫెన్స్ అని ఎవరైనా అంటే, 1995 ప్రపంచ పోరు పద్నాలుగో ఆటలో ఆనంద్ దీన్ని కాస్పరోవ్ మీద ఆడారని, 2014 ట్రోమ్సో ఒలింపియాడ్‌లో కార్ల్‌సన్ దీనితోనే కరువానాను ఓడించారని చెప్పండి. ఆనంద్ ఆ ఆట ఓడిపోయిన మాట నిజమే గాని, తప్పు ఓపెనింగ్‌ది కాదు.

అలెఖైన్ (ఇ4కు గుర్రం ఎఫ్6), పిర్క్ (ఇ4కు డి6) లాంటి అరుదైనవి ఆడితే ఎదుటివారు తికమకపడరా?

పడతారు, మొదటి పది ఎత్తుల వరకు. ఫిషర్ 1972లో రేక్యావిక్‌లో స్పాస్కీ మీద పదమూడో ఆటలో అలెఖైన్ ఆడి గెలిచారు, కాని ఆయనకు అది అనేక ఆయుధాల్లో ఒకటి. మధ్యభాగాన్ని ఎదుటివారికి అప్పగించి తరువాత పడగొట్టడం ఈ రెండింటి పద్ధతి. పడగొట్టడం రాకపోతే మిగిలేది అప్పగింత ఒక్కటే.

## డి4 ఆడినవారికి జవాబు

కింగ్స్ ఇండియన్, స్లావ్, క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్: ఈ మూడింటిలో నాకేది?

కింగ్స్ ఇండియన్‌లో మీరు తెల్లవైపును మధ్యలో బంట్లు పరుచుకోనిచ్చి, జి7లో బిషప్‌ను పెట్టి, క్యాస్లింగ్ అయ్యాక ఇ5తో కొడతారు. తెల్లవైపు డి5 ఆడి మధ్యభాగాన్ని మూసేస్తే ఆట రెండు ఊళ్లుగా విడిపోతుంది. మీరు ఎఫ్5, ఎఫ్4, జి5, జి4 అంటూ తెల్లరాజు మీదకు బంట్లను తోస్తారు. వాళ్లు సి5తో మీ మంత్రి పక్కను చీల్చుకుంటూ వస్తారు. ఎవరు ముందు చేరితే వారిదే ఆట. ఇక్కడ అర్థం చేసుకోవలసిన సంగతి ఒకటుంది: రాజు మీది దాడి విఫలమైతే మీకు వేరే ఆస్తి ఏమీ మిగలదు, మంత్రి పక్క అంతా అప్పటికే వాళ్ల చేతిలో ఉంటుంది. సగం మనసుతో ఆడేవారికి ఇది పనికిరాదు. ఓడినా సరే, కలబడి ఓడాలనుకునేవారికి ఇంత ఆనందమిచ్చే డిఫెన్స్ మరొకటి లేదు.

ఆ పేరులోని "ఇండియన్" మనదే. 19వ శతాబ్దం మధ్యలో కలకత్తాలో జాన్ కోక్రేన్ అనే స్కాట్లాండ్ దేశస్థుడితో విరివిగా ఆడిన మహేశ్‌చంద్ర బెనర్జీ, ఐరోపాలో అప్పటికి అంతగా వాడుకలో లేని విధంగా బిషప్‌ను పక్కగడిలో నిలిపి ఆడేవారు. ఆ ఆటల వల్లనే ఈ కుటుంబానికి ఆ పేరు స్థిరపడింది.

డి4 డి5 తరువాత తెల్లవైపు సి4 ఆడితే, స్లావ్‌లో ఆ డి5కు సి6తో మద్దతిస్తారు. సి8 బిషప్‌కు దారి ఉంటుంది, సి4 బంటును కొట్టే అవకాశం కూడా చేతిలో ఉంటుంది. కోట గట్టిదే గాని చొరవ లేనిది కాదు. దీని తోబుట్టువైన సెమీ-స్లావ్‌తోనే 2008లో బాన్‌లో ఆనంద్ క్రామ్నిక్ మీద మూడో ఆటనూ, అయిదో ఆటనూ నల్లపావులతో గెలిచారు.

క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్‌లో ఇ6తో మద్దతిస్తారు. బిషప్ కొంతకాలం ఇరుకులో ఉంటుంది, ఒకటి రెండు పావులు మార్చుకుని మెల్లగా ఊపిరి తీసుకోవాలి. విసుగు పుట్టించే డిఫెన్స్ అని పిల్లలు మూతి విరుస్తారు. 2010లో సోఫియాలో ప్రపంచ టైటిల్ పన్నెండో ఆట మీద, అదే ఆఖరి ఆట మీద ఆధారపడి ఉన్నప్పుడు, నల్లపావులతో కూర్చున్న ఆనంద్ నమ్మినది దీన్నే. లాస్కర్ పేరున్న దారి ఆడి, టోపలోవ్ అతిగా ముందుకు రాగానే పట్టుకుని, గెలిచి టైటిల్ నిలుపుకున్నారు. ఎదుటివారి తొందరపాటు మీద బతికే ఓపిక మీకుంటే ఇది మీది.

నా ఎదుటివాళ్లందరూ లండన్ సిస్టమే (డి4 తరువాత బిషప్‌ను ఎఫ్4కు తెచ్చే అమరిక) ఆడుతున్నారు. ఏం చేయాలి?

సి1 బిషప్ ఎఫ్4కు వెళ్లిపోయిందంటే బి2 బంటుకు కాపలా పోయిందని గుర్తుంచుకోండి. డి5 ఆడేవారు వెంటనే సి5 ఆడి, గుర్రాన్ని సి6కు తెచ్చి, మంత్రిని బి6లో నిలిపితే తెల్లవైపు తన అలవాటు ఎత్తులు ఆపి ఆలోచించక తప్పదు. వాళ్లు మంత్రిని బి3కు తెచ్చి ఎదురుపెడితే సి4 అని తోయండి. బి6లో మంత్రులు మారితే మీ ఎ బంటుతో తిరిగి కొడతారు, ఎ8 ఏనుగుకు దారి తెరుచుకుంటుంది. కింగ్స్ ఇండియన్ అమరిక ఇష్టపడేవారు డి6 ఆడి, ఇ5ను సాధించడమే పనిగా పెట్టుకోవాలి, ఆ బంటు నేరుగా ఎఫ్4 బిషప్‌నే తాకుతుంది. లండన్ ఆడేవారి బలమంతా ఆలోచించకుండా పది ఎత్తులు ఆడగలగడమే.

ఇ4కూ డి4కూ ఒకే రకం ఆట వచ్చే జంట ఏదైనా ఉందా?

కారో-కాన్‌తో స్లావ్ చక్కగా జత కుదురుతుంది. రెండింటిలోనూ సి6, డి5 బంట్లే వెన్నెముక, బిషప్‌ను ఎఫ్5కు తేవడమే కోరిక. ఫ్రెంచ్ ఆడేవారికి క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ సహజం. వీరు డి4కు కూడా ముందుగా ఇ6 ఆడవచ్చు, తెల్లవైపు ఇ4 ఆడితే ఆట ఫ్రెంచ్‌లోకే వస్తుంది. అన్నింటికీ జి6 ఆడి బిషప్‌ను జి7లో పెట్టేవారూ ఉన్నారు గాని, మొదటి మూడు నాలుగేళ్లలో బంట్లతో మధ్యభాగాన్ని నేరుగా పట్టుకోవడం నేర్చుకోనివారికి నేను దాన్ని సూచించను.

## నేర్చుకునే దశ

ఎన్ని ఎత్తులు కంఠస్థం చేయాలి?

పద్యం కంఠతా వచ్చినంత మాత్రాన తాత్పర్యం వచ్చినట్టు కాదు, పైగా ఇక్కడ ఎదుటివారు రెండో పాదంలోనే మాట మార్చేస్తారు. ఎనిమిది, పది ఎత్తుల వరకు ప్రధానమైన దారి తెలిస్తే చాలు. అక్కడ ఆగి ఒక నోటుబుక్కులో ఒక్కొక్క డిఫెన్స్‌కు ఒక్క పేజీ కేటాయించి, మీ మాటల్లోనే రాయండి: నేను తోయవలసిన బంటు ఏది, మార్చుకోవలసిన పావు ఏది, మార్చుకోకూడనిది ఏది, నా రాజు ఎటువైపు. ఆ పేజీ నిండకపోతే ఎత్తులు ఎన్ని వచ్చినా ఆ డిఫెన్స్ ఇంకా మీకు రానట్టే.

ఇంజిన్ చూస్తే నా డిఫెన్స్‌లో తెల్లవైపుకే ఆధిక్యం చూపిస్తోంది. వదిలేయాలా?

మొదటి ఎత్తు తెల్లవైపుది కనుక దాదాపు ఏ డిఫెన్స్‌లోనైనా ఇంజిన్ కొంత ఆధిక్యం వాళ్లవైపే చూపిస్తుంది. కింగ్స్ ఇండియన్ అంటే దానికి మరీ చిన్నచూపు. ఆ అంకె నిజం కావాలంటే ఎదుటివారు ఇంజిన్‌లాగా ఇరవై ఎత్తులు ఆడాలి. మీరు చూడవలసింది ఆ స్థితిలో తరువాతి ఎత్తు మీకు సులువుగా తోస్తోందా, వాళ్లకు సులువుగా తోస్తోందా అన్నది.

ఒక డిఫెన్స్ నాకు నప్పిందో లేదో తేల్చుకోవడానికి ఎన్ని ఆటలు ఆడాలి?

నా లెక్కలో యాభై, అందులో కనీసం పది నిదానమైన ఆటలు ఉండాలి. గెలుపోటములు లెక్కపెట్టకండి, పదిహేనో ఎత్తు దగ్గర మీకు పథకం ఉందా లేదా అని మాత్రం ప్రతి ఆటకూ పక్కన రాసుకోండి.

## టోర్నమెంటులో, ఆ తరువాత

బ్లిట్జ్‌లో (కొద్ది నిమిషాల ఆటలో) ఒకటి, క్లాసికల్‌లో (నిదానమైన ఆటలో) ఒకటి ఆడవచ్చా?

ఆడవచ్చు గాని, మొదట్లో రెండింటిలోనూ ఒకటే ఆడితే బ్లిట్జ్ మీకు ఉచిత అభ్యాసమవుతుంది.

ఎదుటివారు నా డిఫెన్స్‌కు సిద్ధమై వస్తే?

డిఫెన్స్ మార్చనక్కరలేదు, అదే ఇంట్లో రెండో ద్వారం ఉంచుకోండి. కారో-కాన్‌లో తెల్లవైపు బంటును ఇ5కు తోసినప్పుడు బిషప్‌ను ఎఫ్5కు తేవడం ఒక దారి, వెంటనే సి5 ఆడటం మరొక దారి. రెండూ తెలిసినవారి మీద ముందురోజు రాత్రి చేసిన సిద్ధం సగం వృథా అవుతుంది. టోర్నమెంటు నడుస్తుండగా కొత్త డిఫెన్స్ మొదలుపెట్టడం మాత్రం పరీక్ష హాలు మెట్లమీద పుస్తకం తిరగేయడం లాంటిదే.

వరుసగా ఐదు ఆటలు ఓడిపోయాను. డిఫెన్స్ మార్చేయనా?

ఆట చేజారిన ఎత్తు సంఖ్య చూసి చెప్పండి. ముప్ఫైయ్యో ఎత్తులో ఏనుగును ఉత్తిపుణ్యానికి పోగొట్టుకుని ఓడితే ఆ పాపం డిఫెన్స్‌ది కాదు. పన్నెండో ఎత్తుకే ఊపిరాడని స్థితి పదేపదే వస్తుంటే, ఆ ఒక్క దారిలో మీ జవాబును మార్చండి.

నా సంగతే చెబుతాను. ఫ్రెంచ్ మొదలుపెట్టిన రెండో ఏడు, తెల్లవైపు మూడో ఎత్తులోనే డి5 మీద బంట్లు మార్చేసుకునే దారిలో నాలుగు ఆటలు పోగొట్టుకున్నాను. డ్రా కోసం వచ్చారని కోపం తెచ్చుకుని, నేనూ నిర్లిప్తంగా ఆడి ఓడేవాణ్ణి. ఒకనాడు స్కోరుషీటు చూస్తుంటే వెలిగింది: ఏ బిషప్ ఇరుక్కుందని నేను ఏడాదంతా వాపోయానో, ఆ బిషప్‌కు దారి తెరిచింది వాళ్లే. అప్పటి నుండి ఆ స్థితిలో ఒక బిషప్‌ను డి6లో, గుర్రాలను సి6లో, ఇ7లో పెట్టి, తెల్లరాజు చిన్నవైపుకు (రాజు పక్కకు) వెళ్తే నేను పెద్దవైపుకు (మంత్రి పక్కకు) క్యాస్లింగ్ చేయడం మొదలుపెట్టాను. అదే డిఫెన్స్, అదే దారి. నాకు ఇష్టమైన వరస ఇప్పుడు అదే అయింది.

మా అబ్బాయి అకాడమీలో అందరికీ ఒకే డిఫెన్స్ నేర్పుతున్నారు. వాడికి నప్పడం లేదేమో అనిపిస్తోంది. కోచ్‌ను అడగవచ్చా?

తప్పకుండా అడగవచ్చు. పాతికమంది పిల్లలకు పాతిక డిఫెన్స్‌లు నేర్పడం ఏ కోచ్‌కైనా కష్టం కనుక మొదటి ఏడాది అందరికీ ఒకటే చెప్పడంలో తప్పు లేదు. రేటింగ్ వచ్చి, రోజూ స్కోరుషీటు సరిగ్గా రాయగలిగే దశకు చేరాక మాత్రం పిల్లవాడి ఆటను బట్టి చెప్పాలి. "మార్చండి సార్" అని అడగడం కన్న, వాడు ఓడిన ఓ ఆరు స్కోరుషీట్లు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టండి. అంతకుముందు ఇంట్లో ఒక పని చేసి చూడండి. ఫ్రెంచ్‌లో పదో ఎత్తు స్థితినీ, స్లావ్‌లో పదో ఎత్తు స్థితినీ, కింగ్స్ ఇండియన్‌లో పదో ఎత్తు స్థితినీ మూడు బోర్డుల మీద పేర్చి, పేర్లు చెప్పకుండా, నల్లపావులు ఎటువైపు ఉన్నాయో అటువైపు కూర్చుని ఎక్కడ ఆడాలనుందో ఎంచుకోమనండి. వాడు ఏ కుర్చీ లాక్కుంటాడో చూసి, ఆ సంగతి కూడా కోచ్‌కు చెప్పండి.